వడి నీరూ నెమ్మది నీరూ

మన భాషలో సుడి ఒక్క నీటిదే కాదు. నెత్తి మీదా సుడే, ఎద్దు నుదుటి మీదా సుడే, మే నెల మిట్టమధ్యాహ్నం చెత్తాకుల్ని ఎత్తుకుపోయే గాలిలోదీ సుడే. తలలో రెండు సుడులున్న పిల్లవాడికి రెండు పెళ్ళిళ్ళని పెద్దవాళ్ళు ఆటపట్టిస్తారు. ఎద్దు ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో తడిమి చూడనిదే సంతలో బేరం మొదలుపెట్టని రైతులున్నారు. కుర్రాళ్ళ మాటల్లోనైతే ‘వాడికి సుడి ఉంది’ అంటే అదృష్టం ఉందని. నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాటలో నవ్వు ఇంకిపోతుంది. ‘అక్కడ సుడి ఉంది, దిగకు’ అంటే అక్కడితో మాట ఆఖరు.

ఆ భయం వెనక చాలామందికి ఒక ఊహ ఉంటుంది. ఏటి అడుగున ఏదో బిలం ఉందనీ, నీళ్ళు అందులోకి దిగిపోతూ తిరుగుతున్నాయనీ. స్నానాల గదిలో బకెట్టు గుమ్మరించినప్పుడు తూము దగ్గర చూసే దృశ్యమే ఆ ఊహకు మూలం కావచ్చు. నదుల్లో కనిపించే సుడులకు దాదాపుగా అడుగున ఏ కన్నమూ ఉండదు. వాటి పుట్టుక వేరు. నేల చిల్లుపడి పుట్టే సుడులు కూడా లేకపోలేదు. అలాంటి ఒకదాని కథ ముందుంది, కానీ అది అరుదు.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. సిమెంటు తొట్టిలోనో పెద్ద గంగాళంలోనో తేట నీళ్ళు నింపి ఎండలో పెట్టండి. నీళ్ళు కదలకుండా నిలబడ్డాక, అన్నం తినే స్టీలు పళ్ళెం ఒకటి తీసుకుని నిలువుగా సగం దాకా ముంచండి. అద్దం నిలబెట్టినట్టు పట్టుకుని, నెమ్మదిగా ఒక జానెడు ముందుకు నెట్టి, చప్పుడు లేకుండా పైకి తీసెయ్యండి. నీటి మీద కనిపించీ కనిపించని రెండు చిన్న గుంటలు మిగులుతాయి. వాటికోసం పైన వెతక్కండి, తొట్టి అడుక్కి చూడండి. అక్కడ రెండు నల్లటి గుండ్రటి నీడలు, అంచున సన్నటి వెలుగు కమ్మీతో, జంటగా ముందుకు నడిచిపోతుంటాయి. పళ్ళెం మీ చేతిలోనే ఉంది. దాన్ని తీసేసినా అవి మాత్రం కలిసి కదులుతూనే ఉంటాయి.

ఆ రెండూ రెండు సుడులు. ఒకటి కుడికి తిరిగితే ఇంకొకటి ఎడమకు. ఒక గుంటలో చుక్క సిరా వేసి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. సిరా దారం సన్నగా కిందికి దిగి, నీటిలో వంపు తిరిగి, రెండో గుంటవైపు పోతుంది. అంటే అవి వేర్వేరు సుడులు కావు, పళ్ళెం అంచు ఆకారంలో నీటిలో వేలాడే ఒకే సుడికి రెండు కొసలు. సుడి అనేది నీటి నడిమధ్యలో ఊరికే తెగిపోలేదు. అది నీటి ఉపరితలాన్నో, ఒడ్డునో, అడుగునో తాకి ఆగాలి, లేదా తన తోకను తానే పట్టుకుని ఉంగరంలా మూసుకోవాలి. జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ 1858లో దీన్ని గణితంతో నిరూపించాడు. జిగట లేని ఆదర్శ ద్రవానికి వేసిన లెక్క అది, అయినా మన తొట్టి నీళ్ళు ఆ మాటను చాలావరకు మన్నిస్తాయి.

పళ్ళెం కదిలితే సుడి ఎందుకు పుట్టాలి? దీపానికి వత్తి చేసేవాళ్ళ చేతుల్ని గమనించండి. కింది అరచెయ్యి కదలదు, పై అరచెయ్యి ముందుకు జారుతుంది, మధ్యలో పత్తి గుండ్రంగా దొర్లి వత్తి అవుతుంది. రెండు చేతులూ ఒకే వేగంతో ఒకే వైపుకు కదిలితే పత్తి పత్తిలాగే ఉండిపోతుంది. నీటి విషయమూ అంతే. పళ్ళెం తోసిన నీరు ముందుకు పోతోంది, అంచు పక్కనున్న నీరు నిలబడి ఉంది. ఆ రెంటి నడుమ ఉన్న పలచటి పొర వత్తిలా దొర్లి సుడి అయింది.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇంతే: సుడి వడి నీటిలో పుట్టదు, నెమ్మది నీటిలోనూ పుట్టదు, ఆ రెండూ పక్కపక్కన పారే గీత మీద పుడుతుంది. ఇదొక్కటి పట్టుకుంటే గోదావరి నుంచి నార్వే దాకా ప్రతి ఏటి సుడినీ చదవొచ్చు.

పాపికొండల దగ్గరికి వెళ్దాం. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద వంతెనల పొడవే రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. అదే నది ఎగువన తూర్పు కనుమల్ని కోసుకుని వచ్చేచోట, కొండల మధ్య రెండు మూడు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఎగువ నుంచి వచ్చే నీరు ఒక్క చుక్క తగ్గదు, దారి మాత్రం ఇరుకైంది. అప్పుడు నీటికి మిగిలినవి రెండే దారులు. లోతుగా తవ్వుకోవాలి, వేగంగా పోవాలి. గోదావరి రెండూ చేసింది. అందుకే ఆ కొండల నడుమ నది పైకి నిశ్చలంగా, ఆకుపచ్చగా, ఫొటోకు పనికొచ్చేలా కనిపిస్తుంది గాని, కింద రెండు వందల అడుగులకు పైబడిన లోతులున్నాయి.

ఇప్పుడు ఆ ఇరుకులోకి కొండ రాయి ఒకటి ముక్కులా పొడుచుకు వచ్చిందనుకోండి. నడిమి నీరు దాన్ని దాటి దూసుకుపోతుంది. రాతి వెనక నీడలో ఉన్న నీరు మాత్రం ఆగిపోతుంది, ఆగడం కూడా కాదు, ఒడ్డు వెంబడి ఎగువకు నడుస్తుంది. నదిలో ఎదురు పారే నీరు! చేపలు అక్కడ సేద తీరతాయి, ఏటికి ఎదురు వెళ్ళే పడవవాళ్ళు ఒడ్డువారగా దాన్నే వాడుకుంటారు. ఆ ఎదురు నీటికీ నడిమి వడికీ సరిహద్దుగా నీటి మీద ఒక గీత స్పష్టంగా కనిపిస్తుంది. నురుగు, పుల్లలు, ఆకులు అన్నీ ఆ గీత మీదికే చేరతాయి. దాని వెంట వరసగా సుడులు పుట్టి, కొంత దూరం కొట్టుకుపోయి, విరిగిపోయి, మళ్ళీ పుడతాయి. వరద పెరిగేకొద్దీ రెండు వైపుల వేగాల తేడా పెరుగుతుంది, సుడులు బలుస్తాయి. వేసవిలో అదే చోట పిల్లలు ఈత కొట్టవచ్చు. చోటు మారలేదు, తేడా మారింది.

నది మలుపు దీనికి ఇంకో మెలిక కలుపుతుంది. దాన్ని గోదావరి దాకా వెళ్ళకుండా టీ గ్లాసులో చూడొచ్చు. వడకట్టని టీని చెంచాతో గిరగిరా తిప్పి వదిలేస్తే అడుగున ఉన్న టీ పొడి ఎటు పోవాలి? తిరిగేదేదైనా అంచుకు విసిరేయబడుతుందని కదా అనుకుంటాం. పొడి మాత్రం మధ్యలో కుప్పగా చేరుతుంది. 1926లో ఐన్‌స్టీన్ సరిగ్గా ఈ సంగతి మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. అడుగునున్న నీరు గ్లాసును రాసుకుని నెమ్మదిస్తుంది. పైనున్న నీరు వడిగా తిరుగుతూ అంచుకు ఒత్తుకుంటుంది, అక్కడ కిందికి దిగుతుంది, అడుగున మధ్యకు వస్తూ పొడిని ఊడ్చుకొస్తుంది. నది మలుపులోనూ అదే జరుగుతుందని ఆయన చూపించాడు. పై నీరు వెలుపలి ఒడ్డుకు పోయి, అక్కడ మునిగి, అడుగున లోపలి ఒడ్డుకు తిరిగి వస్తూ ఇసుకను మోసుకొస్తుంది. అందుకే మలుపులో ఒక పక్క మడుగు, ఎదుటి పక్క ఇసుక తిన్నె. మలుపు తిరిగే నది నేరుగా పారదు, మరమేకులా మెలితిరుగుతూ పారుతుంది. పైన తేలేది ఒకటి వెలుపలి ఒడ్డు చేరితే, దాని పక్కనే నీరు కిందికి దిగుతుంటుంది.

ఇరుకు, లోతు, మలుపు, రాతి ముక్కులు, పైన వరద. ఇవన్నీ ఒకేచోట కలిసిన తావులకు గోదావరి మీద జీవించేవాళ్ళు ఎప్పుడో గుర్తులు పెట్టుకున్నారు. దేవీపట్నం మండలంలో ‘కచ్చులూరు మందం’ అలాంటిది. 2019 సెప్టెంబర్ 15న, వరద రోజుల్లో, పాపికొండలకు వెళ్తున్న పర్యాటక లాంచీ అక్కడే బోల్తాపడింది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. రెండు వందల అడుగులకు పైగా లోతులో పడివున్న ఆ లాంచీని కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బయటికి లాగింది. అంటే 38వ రోజు. తప్పొప్పులు తేల్చడం ఈ పుస్తకం పని కాదు. అలాంటి చోట పడవకు ఏం జరగవచ్చో చెప్పడం మాత్రం దీని పనే.

పడవ ఆ గీత దాటుతోందనుకుందాం. ముక్కు ఎదురు నీటిలోకి వెళ్ళింది, వెనక భాగం ఇంకా వడి నీటిలోనే ఉంది. ముక్కును నీరు ఎగువకు నెడుతుంది, తోకను దిగువకు లాగుతుంది. పడవ కూడా ఆ రెండు అరచేతుల మధ్య వత్తిలా అయిపోతుంది. సరంగు చుక్కాని ఎంత తిప్పినా అది పక్కకు తిరుగుతుంది, తిరిగేటప్పుడు ఒరుగుతుంది. పై అంతస్తులో జనం ఉంటే బరువు ఎత్తులో ఉంటుంది, ఒరుగు ఇంకా పెరుగుతుంది. భయపడి అందరూ ఒక పక్కకు పరుగెత్తితే చెప్పనక్కర్లేదు. ఇందులో ‘సుడి మింగడం’ ఎక్కడా లేదు. పెద్ద పడవల విషయంలో సుడి చేసే హాని ఎక్కువగా ఇదే, లాగడం కాదు, తిప్పి ఒరగదొయ్యడం.

మరి మనిషిని లాగదా అంటే, లాగుతుంది. సుడి నడుమ గుంట ఎందుకు పడుతుందో చూస్తే అది అర్థమవుతుంది. వెలుపల నెమ్మదిగా తిరిగే నీరు లోపలికి చేరేకొద్దీ వేగం పుంజుకుంటుంది. నడిమికి దూరం సగమైతే వేగం రెట్టింపు. అంత వేగంగా తిరిగే నీటిని వృత్తంలో పట్టి ఉంచాలంటే బయటి నుంచి లోపలికి ఒత్తిడి నెట్టాలి, అంటే నడుమ ఒత్తిడి తక్కువ ఉండాలి. ఆ తక్కువే పైన గుంటగా కనిపిస్తుంది. ఆదర్శ సుడికి లెక్క వేస్తే, గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకున్న సుడిలో గుంట ముప్పావు మీటరు దిగుతుంది. వేగం రెట్టింపైతే గుంట నాలుగింతలు, మూడు మీటర్ల పైమాట. అడుగున నేల రాసుకుని తిరుగుడు తగ్గుతుంది కాబట్టి లోతులో ఒత్తిడి లెక్క మారుతుంది, నీరు నిలువునా కదలడం మొదలెడుతుంది. కొన్నిచోట్ల దిగుతుంది. దిగిన నీరు ఇంకోచోట లేవాలి కదా, అక్కడ నది అన్నం ఉడికినట్టు పొంగి, నున్నటి పళ్ళెంలా పరుచుకుంటుంది. నురగలో గాలి కలిసి ఉంటుంది కాబట్టి అది మనిషిని మామూలు నీటిలా తేల్చదు. మంచి ఈతగాడు మోసపోయేది ఇక్కడే. అతని చేతులకు తెలిసిన నీరు ఇది కాదు.

సముద్రంలో ఇదే నాటకాన్ని ఆటుపోట్లు ఆడిస్తాయి. నార్వేలో బూడో పట్టణం దగ్గర సాల్ట్‌స్ట్రౌమెన్ అనే సన్నటి జలసంధి ఉంది. పొడవు మూడు కిలోమీటర్లు, వెడల్పు 150 మీటర్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండల నడుమకు చొచ్చుకొచ్చిన పెద్ద సముద్రపు పాయ, అంటే ఫ్యోర్డు. పోటు వచ్చినప్పుడు రెండు పక్కల నీటిమట్టాలకూ తేడా ఒక మీటరు దాకా ఉంటుంది. మీటరేనా అనిపిస్తుంది. ఆ మీటరును సరిచేసుకోవడానికి ఆరు గంటల్లో దాదాపు 40 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఆ సందులోంచి దూరాలి. మన కొలతలోకి మార్చి చూశాను: సగటున ఆరున్నర లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర ఒక మోస్తరు గోదావరి వరదంత. కాకపోతే ఈ వరద రోజుకు నాలుగుసార్లు దిశ మార్చుకుంటుంది. ప్రవాహ వేగం గంటకు 40 కిలోమీటర్ల దాకా పోతుందని, సుడులు పది మీటర్ల అడ్డంతో ఐదు మీటర్ల లోతు గుంట చేస్తాయని చెబుతారు. ఇంత ఘోరమైన చోట చేపలు పట్టేవాళ్ళు ఒడ్డున వరసగా గేలాలేసుకుని నిలబడతారు, నీరు కలియబెట్టినచోట మేత పైకొస్తుంది కాబట్టి.

నార్వేకే చెందిన మోస్కెన్ సుడి గురించి ఎడ్గార్ ఎలన్ పో 1841లో రాసిన కథలో సముద్రం నడుమ ఓడల్ని మింగే నల్లటి గరాటు కనిపిస్తుంది. నిజం సుడి అంత ఉండదు. కానీ చిన్న పడవకు అంత అక్కర్లేదు కూడా. స్కాట్లండులో జురా దీవి పక్కన కొరివ్రెకన్ జలసంధి ఉంది. అడుగు నుంచి లేచిన రాతి శిఖరం ఒకటి నీటి లోపలే నిలబడి, పోటు నీటిని పైకి ఎగదోసి సుడులు పుట్టిస్తుంది. 1947 ఆగస్టులో జార్జ్ ఆర్వెల్ చిన్న పడవలో కొడుకుతోనూ మేనల్లుడు, మేనకోడలితోనూ అందులో చిక్కుకున్నాడు. ఇంజను ఊడి నీటిపాలైంది. ఒక రాతిదిబ్బ ఎక్కి కూర్చుంటే, అటు వచ్చిన రొయ్యలవేట పడవ వాళ్ళను తీసుకొచ్చింది. ‘1984’ నవల అప్పటికింకా పూర్తి కాలేదు.

అడుగున కన్నం ఉన్న సుడి సంగతి దాటేశాను. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో పెన్యూర్ అనే చెరువు, లోతు పది అడుగులే. దాని కింద ఉప్పు గని. 1980 నవంబర్ 20న చమురు కోసం చెరువులో దించిన డ్రిల్లు పొరపాటున గనిలోకి చొచ్చుకుపోయింది. చెరువు తూము తీసిన తొట్టిలా తిరుగుతూ గనిలోకి దిగింది. ఉప్పు కరిగి కన్నం పెద్దదవుతూ పోయింది. డ్రిల్లింగు వేదిక, పదకొండు బార్జీలు, ఒడ్డున ఎకరాల కొద్దీ నేల, చెట్లు అన్నీ అందులోకి. సముద్రంలోకి పోయే కాలువ వెనక్కి పారింది. గనిలో ఉన్న 55 మందీ బయటపడ్డారు, ఒక్క ప్రాణమూ పోలేదు. గని నిండి నీరు నిలకడ చిక్కాక తొమ్మిది బార్జీలు బెండ్లలా పైకి తేలాయి. సుడిగుండం గురించి మన ఊహలో ఉన్నదంతా ఒక్కసారి నిజమైన చోటు అది. అందుకు మనిషి వేసిన చిల్లు కావలసి వచ్చింది.

తూము మాట వచ్చింది కాబట్టి ఒక పుకారుకు జవాబు చెప్పి ముందుకు పోదాం. భూమధ్యరేఖకు ఉత్తరాన సింకులో నీరు ఎడమకూ, దక్షిణాన కుడికీ తిరుగుతుందని వింటుంటాం. ఆఫ్రికాలో భూమధ్యరేఖ దాటేచోట పర్యాటకులకు చిల్లుబొచ్చెతో ఇది చేసి చూపించి డబ్బులు పుచ్చుకునేవాళ్ళున్నారు. చెయ్యి తిరిగినవాళ్ళు, బొచ్చెను పెట్టేటప్పుడే ఎటు కావాలంటే అటు తిప్పి పెడతారు. భూమి తిరుగుడు గోదావరి జిల్లాల అక్షాంశంలో మన నేలను నిలువు ఇరుసు చుట్టూ ఒక చుట్టు తిప్పడానికి మూడున్నర రోజులు తీసుకుంటుంది. సింకులో నీరు సెకనుకో చుట్టు తిరుగుతుంది. దాదాపు మూడు లక్షల రెట్ల తేడా! కుళాయి నీరు పడిన తీరు, మీ చెయ్యి కదిలిన తీరు ముందు భూమి మాట వినపడదు. వినాలంటే ఎంత నిశ్శబ్దం కావాలో 1962లో ఎం.ఐ.టి.లో ఆషర్ షపీరో చూపించాడు. ఆరడుగుల అడ్డం ఉన్న తొట్టిలో నీరు నింపి, 24 గంటలు కదపకుండా ఉంచి, చిన్న కన్నం తెరిచాడు. పది నిమిషాలు దాటేదాకా ఏమీ లేదు. ఆ తర్వాత నీటి మీది తేలుడుపుల్ల నింపాదిగా ఎడమవైపుకు తిరగడం మొదలెట్టింది. మూడేళ్ళకు సిడ్నీలో అదే పరీక్ష చేస్తే కుడికి తిరిగింది.

భూమి మాట నిజంగా చెల్లేది పెద్ద సుడుల దగ్గర. బంగాళాఖాతంలో వందల కిలోమీటర్ల అడ్డంతో వారాల తరబడి తిరిగే సుడులున్నాయి. పడవలో ఉన్నవాడికి తెలియవు, చుట్టూ సముద్రమే. ఉపగ్రహాలు నీటి మట్టాన్ని సెంటీమీటర్లలో కొలిచి వాటిని పసిగడతాయి. మన వైపు కుడికి తిరిగేవి వేడి నీటిని నడుమ పోగుచేసి కాస్త ఉబ్బుతాయి, తుపాను వాటి మీదుగా వెళ్తే బలం పుంజుకునే వీలుంది. ఎడమకు తిరిగేవి అడుగు చల్లనీటిని, దానితోపాటు చేపల మేతను పైకి లేపుతాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు పంపిన సముద్రపు వేడి, రంగు చూసి, చేపలు దొరికే తావులను జాలరులకు చెబుతుంది. సుడిని చూసి తప్పుకోవలసిన వాళ్ళే, ఈ రకం సుడిని వెతుక్కుంటూ పోవచ్చు.

చివరగా, కంటికి ఆనని పని చేసే సుడి ఒకటి. విశాఖలోనో మచిలీపట్నంలోనో అల వెనక్కి పోయేటప్పుడు నిలబడి చూడండి, మడమ కింద ఇసుక జారిపోతుంది, మీరు కొంచెం కూరుకుపోతారు. కాలిని ఢీకొన్న నీరు కిందికి మళ్ళి, గుర్రపు నాడాలా చుట్టుకుని, ఇసుకను తవ్వి వెనక్కి విసురుతుంది. వంతెన స్తంభం దగ్గర వరద చేసేదీ అదే, రాత్రీ పగలూ. అందుకే నది వంతెనలకు పునాది బావుల్ని ఇసుక కింద చాలా లోతుకు దించుతారు. వరద తగ్గేటప్పుడు ఆ గుంట మళ్ళీ ఇసుకతో పూడిపోతుంది, పైకి ఏమీ జరగనట్టే ఉంటుంది. పుష్కరాల రేవులో మోకాలి లోతు అనుకుని దిగినచోట నిలువు లోతు ఉండటానికి ఇలాంటి గుంటలూ ఒక కారణమే.

ఈసారి పాపికొండల లాంచీ ఎక్కితే, ముందు లైఫ్ జాకెట్ తాళ్ళు బిగించుకోండి, ఉక్కపోసినా సరే. తర్వాత కొండల కన్నా నీటిని చూడండి. నురుగు గీత కట్టినచోటు, నీరు పళ్ళెంలా పొంగినచోటు, ఒడ్డువారగా పుల్ల ఒకటి ఎగువకు నడిచేచోటు. పక్కన సరంగు తీరిగ్గా ఉంటే ఆ చోటు పేరేమిటో అడగండి. ఇంజను మోత మారితే మాత్రం అడగొద్దు, ఉన్నచోటే కూర్చోండి.